పై మడిలో నీళ్ళు

రోహిణి కార్తె, మొదటి వారం

ఐదు కర్రలూ పచ్చ.

కర్రల కాపలా చూసేవాళ్ళు ఏ రోజు సంగతి ఆ రోజు నాలుగు ముక్కలు రాసిపెట్టాలని కొత్తలంకలో కట్టుబాటు. చదివేవాళ్ళెవరూ లేరు. అయినా రాస్తున్నాను. మా ఆయన పోయాక ఇంట్లో నా మాట వినే మనిషి లేడు. కాగితమైతే మధ్యలో ఆవులించదు.

నా పేరు నూకరత్నం. నా పని ఇదీ. కొండ వాలులో ఐదు చెవికర్రలు పాతి ఉన్నాయి. వాటి కాళ్ళు నేలలో చాలా లోతుకు దిగి ఉంటాయి. లోపల కొండ వెంట్రుకవాసి కదిలినా కర్ర తలమీద దీపం రంగు మారుతుంది. పచ్చ అంటే భయం లేదు. పసుపు అంటే కొండ కదులుతోంది, కనిపెట్టి ఉండాలి. మూడు కర్రలు ఎర్రబడితే గంట కొట్టాలి, కింది వరస ఇళ్ళవాళ్ళు కట్టుబట్టలతో పైకి వచ్చేయాలి, పైన ఎక్కడ నీళ్ళు నిలిచి ఉన్నా గండి కొట్టేయాలి. ఒకటికి కాదు, రెండుకి కాదు, మూడుకి. ఆ రూలు కర్రలు పాతిన సర్వేవాళ్ళు పెట్టి వెళ్ళారు. ఇప్పుడు వాళ్ళూ లేరు, వాళ్ళ ఆఫీసూ లేదు. కర్రలు మాత్రం ఎండ తాగి బతికేస్తున్నాయి.

కొండమీది ఊరికి లంక అని పేరేమిటని పడవల రేవులో కొత్తవాళ్ళు నవ్వుతారు. సముద్రం మింగేసిన లంకల నుంచి ఎక్కి వచ్చినవాళ్ళం. మా పెద్దవాళ్ళ లెక్కలో ఊరన్నాక అది లంకే అయి ఉండాలి, చుట్టూ గోదారి లేకపోయినా సరే.

వెలుగు రాకముందే అందరితో పాటు కిందకి దిగి ఓ గంప మట్టి తెచ్చాను. రోహిణిలో పొద్దెక్కితే కొండ అడుగున మనిషి నిలవలేడు. ఈ కొండకి సొంత మట్టి జానెడే. చేలలో ఉన్నదంతా నలభై ఏళ్ళుగా మేము నెత్తిన మోసి పోసుకున్నదే. ఖాళీ తలతో కొండెక్కే మనిషిని ఇక్కడ దొంగని చూసినట్టు చూస్తారు.

ఇంటికొచ్చేసరికి నాన్న వడ్లు నానబోసి కూర్చున్నాడు.

రోహిణి, మర్నాడు

పచ్చ.

నాన్న సంగతి చెప్పాలి. పేరు మరిడయ్య. లంక మునిగేటప్పుడు ఊళ్ళోవాళ్ళు బంగారమూ ఫొటోలూ మూటగట్టుకుంటే ఈయన విత్తనాలు మూటగట్టుకున్నాడు. కొండమీద సామలూ చోళ్ళూ తప్ప పండవని అందరూ ఒప్పేసుకున్నా ఈయన ఒప్పుకోలేదు. పగిలిన సిమెంటు తొట్టిలో నీళ్ళు నిలిపి, ఏటా దోసెడు వరి పండించి, విత్తనం చావకుండా కాపాడుకుంటూ వచ్చాడు. తొట్టి ఒకటి రెండైంది, రెండు పదయ్యాయి. ఇప్పుడు ఓ మడికి సరిపడా విత్తనం ఉంది. సామల అన్నం ముందు పెడితే మాత్రం ఇన్నేళ్ళయినా "పిట్టల తిండి" అని సణుగుతూనే తింటాడు.

మూడేళ్ళుగా వానలు దంచికొడుతున్నాయి. నీళ్ళున్నాయి, విత్తనముంది, అడ్డేమిటని ఊరిపెద్ద అబ్బులుగారిని పట్టుకున్నాడు. ఆయనా లంక మనిషే. అందరికన్నా పైనున్న మెట్టు చేనుని వరి మడి చేసుకోమని నిన్న సభలో ఒప్పుకున్నారు. కాదన్నవాళ్ళు ఒక్కరూ లేరు. నేనూ అనలేదు. వరన్నం అనేసరికి నా నోట్లోనూ నీళ్ళూరాయి, అబద్ధమెందుకు.

మృగశిర కార్తె

పచ్చ. వాన ఇంకా లేదు. కార్తెలు చెప్పిన మాట వినడం మానేసి చాలా ఏళ్ళయింది.

పై మడి గోడ చూసి వచ్చాను. రెండు నిలువుల ఎత్తున్న రాతిగోడ. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి. గోడ అడుగున వరసగా కన్నాలుంటాయి, వాటిని ముక్కులంటాం. పైన పడిన వాన మట్టిలోకి ఇంకి, ఆ ముక్కుల్లోంచి కారి వాగులోకి పోతుంది. అవి కారుతున్నంతకాలం గోడ నిలబడుతుంది.

గోడ కింద కాలిబాట. బాట కింద పన్నెండిళ్ళ వరస. వాటిలో నడిమి ఇల్లు మా ముత్యాలుది. నాకున్నది ఒక్కతే కూతురు. పోయిన మాఘంలో వీరబాబుకిచ్చి చేశాను. పెళ్ళయ్యాక ఇంకా ఊరి పైభాగంలో ఇల్లు దొరకలేదు వాళ్ళకి.

సాయంత్రం నాన్నతో చెప్పాను. "నాన్నా, ఏం చేసినా చెయ్యి గానీ గోడ ముక్కులు మాత్రం ముయ్యకు."

"ముక్కులు తెరిచుంచితే నీళ్ళెక్కడ నిలబడతాయే? నీళ్ళు నిలబడితేనే మడి. లేపోతే అది చేను."

"కింద పిల్ల ఉంది."

"నీకు పిల్లైతే నాకు మనవరాలు కాదేటి? అడుగున బురద తొక్కి దమ్ము గట్టిగా పట్టిత్తే చుక్క దిగదు. నీ ముక్కులు ఎండిపోయి ఉంటాయి, చూసుకో."

ఆయన చేతుల్లో యాభై పంటల అనుభవముంది. అవన్నీ చదును నేల పంటలని నాకు తోచింది, కానీ అనలేదు. కాసేపు నమ్మాలనిపించింది.

పునర్వసు కార్తె

పచ్చ. వాన మొదలైంది.

ఇవాళ దమ్ము చేశారు. ఊరంతా పై మడిలోనే ఉంది. ఉన్న రెండు గేదెలనీ దింపారు, చాలకపోతే మనుషులే దిగి తొక్కారు. కర్రలు చూడ్డానికి వెళ్ళినదాన్ని, గట్టుమీద నిలబడి చీర దోపుకున్నాను. ఆ తర్వాత నాకు తెలియకుండానే దిగిపోయాను. లంక వదిలేటప్పుడు నాకు ఆరేళ్ళు. అయినా మోకాలిలోతు బురదలోకి పాదం దిగగానే నా కాళ్ళకి అన్నీ గుర్తొచ్చాయి. ఏడుపొచ్చింది. పక్కన ముసలమ్మలు ఎప్పుడో మరిచిపోయిన ఊడుపుల పాటలు ఎత్తుకున్నారు. ఒకామె మధ్యలో చరణం మరిచిపోతే ఇంకొకామె అందుకుంది.

వీరబాబు చెరువులో దిగిన గేదెలా బురదలో దొర్లుతున్నాడు. మేకలు కాసుకునే పిల్లాడు, కొండమీదే పుట్టాడు, వరి మడి చూడ్డం ఇదే మొదలు.

"అత్తా, నువ్వు నవ్వుతావని నాకీ రోజు వరకూ తెలీదు!" అని అరిచాడు.

"నీ పెళ్ళిలో నవ్వలేదేట్రా బాబూ?"

"అప్పుడు ఏడిసేవు అత్తా. పళ్ళు కనపడేటప్పటికి నవ్వనుకున్నాం."

ముత్యాలు వాడి వీపున బురదముద్ద ఒకటి వేసింది. రాత కోసం రాస్తున్నాను గానీ, ఈ కొండమీద నేను చూసిన మంచి రోజుల్లో ఇదొకటి.

పుష్యమి కార్తె

పచ్చ.

ఊడుపులు అయిపోయాయి. మొన్న ఉదయం గోడ చూడబోతే సగం ముక్కులు మట్టితో మూసి ఉన్నాయి. నాన్నని అడిగితే నేను ముట్టుకోలేదన్నాడు, ఒట్టు కూడా వేశాడు. ఆయన అబద్ధమాడడు. గునపంతో పొడిచి అన్నీ తెరిచి వచ్చాను. సాయంత్రానికి మళ్ళీ మూసి ఉన్నాయి.

మర్నాడు బాట పక్కన బండమీద కూర్చుని కాపు వేశాను. ముందు అబ్బులుగారి భార్య వచ్చింది. ముక్కులోంచి నీళ్ళు కారడం చూసి ఆగింది, వంగి మట్టిముద్ద తీసి కన్నంలో కుక్కింది, మడమతో తొక్కి, చెయ్యి దులుపుకుని వెళ్ళిపోయింది. వెనక కట్టెల మోపుతో ఇద్దరు మగాళ్ళు వచ్చారు. మోపులు దించి మరీ చెరో కన్నం మూశారు.

మావాళ్ళ సంగతి నాకు తెలియనిది కాదు. వరి మడి గట్టుకి చిల్లు కనిపిస్తే, అది పగవాడి మడైనా సరే, పూడ్చకుండా దాటిపోయేవాడు మా లంకల్లో మనిషి కింద లెక్క కాదు. గట్టు తెగిపోతుంటే మట్టి అందేదాకా మనిషే అడ్డం పడుకోవాలి. మా తాత అలా ఓ వరదలో తెల్లవార్లూ పడుకున్నాడని నాన్న వందసార్లు చెప్పాడు. నలభై ఏళ్ళుగా మడి లేదు కాబట్టి అలవాటు నిద్రపోయింది. పైన నీళ్ళు నిలిచేసరికి లేచి కూర్చుంది. చోళ్ళు పండినంతకాలం ఈ ముక్కులకేసి చూసినవాళ్ళు లేరు.

మూడో మనిషి ముత్యాలు. మట్టి గంప తలమీద పెట్టుకునే ఒంగి, కాలి బొటనవేలితో మట్టి కూరుతోంది.

"ఏమే, నీ ఇంటి మీది గోడకి నువ్వే ఊపిరి ఆపుతున్నావా?" అన్నాను.

"కారిపోతందమ్మా! తాత అంత కష్టపడి నిలబెట్టేడు. చూత్తా చూత్తా ఎల్లిపొమ్మంటావా?"

"వెళ్ళిపోవాలి. ఇది గట్టు కాదు, గోడ. నీళ్ళు బయటికి రాకపోతే లోపల నిండి గోడని తోస్తాయి."

"సరేలే, నువ్వు చెప్తే సరే," అంది. ఒప్పుకున్నట్టు కాదు, అమ్మ పోరు పడలేక అన్నట్టు.

ఆశ్లేష కార్తె

రెండు పసుపు, మూడు పచ్చ.

పసుపు చూసి నాలుగేళ్ళయింది. రూలులో లేకపోయినా కింది వరసవాళ్ళని పైకి రమ్మని కేకేశాను. వానలో తడుస్తూ పన్నెండిళ్ళవాళ్ళూ వచ్చి గాదె కొట్టంలో ముడుచుకుని కూర్చున్నారు. మధ్యాహ్నానికి పచ్చ అయింది. వీరబాబు మేకపిల్ల ఒకటి చలికి బిగుసుకుని చచ్చిపోయింది.

మఖ కార్తె

మూడు పసుపు. మళ్ళీ పిలిచాను. ఏడిళ్ళవాళ్ళు వచ్చారు. మళ్ళీ ఏమీ కాలేదు.

"అత్తా, నువ్వు పిలిచినప్పుడల్లా కొండ సిగ్గుపడి ఆగిపోతంది," అన్నాడు వీరబాబు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మూడోసారి రారని.

పుబ్బ కార్తె

పసుపు. పసుపు. పసుపు. రాయడానికి ఇంకేం లేదు. ముక్కులు తెరుస్తున్నాను, మూస్తున్నారు. ఒకరు కాదు, ఊరు ఊరంతా. తిట్టడానికి ఫలానా అని ఒక మనిషి లేకపోవడమే నాకు ఒళ్ళుమంట.

ఉత్తర కార్తె

మూడు పసుపు, రెండు పచ్చ.

వరి పొట్టకొచ్చింది. పొద్దున్నే జనం గట్టుమీద వరసగా కూర్చుని దాన్నే చూస్తున్నారు. మంచాన ఉన్న ముసలాళ్ళని వీపున వేసుకుని తెచ్చి చూపిస్తున్నారు. గాలి వీస్తే మడంతా ఒక పక్కకి ఒరిగి లేస్తోంది. నాన్న ముఖంలోకి ఇరవై ఏళ్ళు తిరిగొచ్చాయి. ఆయన కోసమైనా ఈ పంట ఇల్లు చేరాలని నేను గట్టిగా కోరుకున్నాను.

గోడ మాత్రం ఉబ్బింది. ముత్యాలు ఇంటికి ఎదురుగా, నడుమెత్తులో, చెయ్యి ఆనిస్తే తెలుస్తుంది. అబ్బులుగారిని తీసుకొచ్చి చూపించాను. ఆయన అరచేత్తో తడిమి చూశారు.

"నిజవే, కొంచెం ఉబ్బింది. పోనీ, కర్రలేటంటన్నాయి?"

"పసుపండి. సగం నీళ్ళు వదిలేద్దామండి, పంటకి నీళ్ళు తక్కువైనా ఎంతో కొంత వస్తుంది."

వెనకాలే వచ్చిన నాన్న గొంతు చించుకున్నాడు. "ఇప్పుడు నీళ్ళు తీత్తే గింజ పట్టదు. అంతా తాలే! ఎంతో కొంత రాడానికి ఇదేం చోడిచేనా?"

అబ్బులుగారు గోడనీ చూశారు, గట్టుమీద జనాన్నీ చూశారు. "రూలు రూలే కదమ్మా రత్నం. మూడు ఎర్రగా ఎలిగిన్నాడు గండి కొట్టేద్దాం, నేనే కొడతాను. అందాకా ఊళ్ళోవాళ్ళ నోటికాడ కూడు తియ్యకు," అన్నారు.

మంచి మనిషే. ఆయన మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. ఇంటికొచ్చి, దొరకనందుకు ఏడ్చాను.

హస్త కార్తె, రెండో రోజు

వరి ఈని వారం దాటింది. వాన నిన్నటి నుంచి ఆగలేదు. నాలుగు పసుపు, ఒకటి ఎర్ర.

హస్త, ఆరో రోజు

మూడు రోజులు ఏమీ రాయలేదు. ఇవాళా రాయకూడదనుకున్నాను. కానీ తలలో తిరుగుతున్నది ఎక్కడో ఒకచోట దించాలి.

మూడో రోజు మధ్యాహ్నం రెండో కర్ర ఎర్రబడింది. నేను పరుగున కిందకి దిగాను. గోడ ముక్కుల్లోంచి కాదు, రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. తేటనీళ్ళు వస్తే వాన నీళ్ళు, ఎర్రనీళ్ళు వస్తే లోపలి మట్టి వస్తోందని అర్థం.

ముత్యాలు ఇంట్లో మేకపిల్లలకి చితుకులు వేసి పొగ పెడుతోంది.

"పైకి నడవ్వే, ఇప్పుడే."

"ఎన్ని ఎలిగేయమ్మా?"

"రెండు."

"మూడోది ఎలిగితే వత్తాను. ఈటిని మళ్ళీ తడిపితే ఒక్కటీ మిగల్దు. ఆయనొచ్చి అడిగితే ఏం చెప్పను?"

"వీరబాబేడీ?"

"వాగవతల కొట్టంకాడ పెద్ద మేకలతో ఉన్నాడు. వాన తగ్గేక వత్తాడు."

చెయ్యి పట్టుకుని లాగాను. విదిలించుకుంది. పెళ్ళైన కూతుర్ని మెడబట్టి ఈడ్చుకుపోవడం ఎలాగో నాకు తెలియలేదు. మిగతా ఇళ్ళవాళ్ళూ గుమ్మాల్లోంచి అదే అడిగారు, ఎన్ని వెలిగాయని. రెండని చెబితే తలుపులేసుకున్నారు. మూడో దీపం వెలిగాక గంట విని, లేచి, తలుపు తీసుకుని, బాట ఎక్కేంతసేపు ఆ గోడ ఆగదని నాకు తెలుసు. ఎలా తెలుసంటే చెప్పలేను. చెయ్యి ఆనిస్తే గోడ వణుకుతోంది.

పైకెక్కి గునపం తీసుకున్నాను. మడికి ఒక కొస వాగు ఒడ్డున ఉంటుంది. అక్కడ గండి కొడితే నీళ్ళు ఇళ్ళ మీదకి పోకుండా వాగులో పడతాయి. వీరబాబు వాగు అవతల ఉన్నాడు, ముత్యాలు ఇంట్లో ఉంది. వాగులో ఎవరూ లేరు. అది ఒకటికి రెండుసార్లు అనుకునే వెళ్ళాను.

నాన్న గోనెసంచి నెత్తిన కప్పుకుని ఆ కొసనే గట్టుమీద కూర్చుని ఉన్నాడు. గునపం చూడగానే లేచాడు.

"మూడు ఎలిగినియ్యా?"

"రెండు."

"మరైతే దిగు కిందకి."

"నాన్నా, ముత్యాలు ఇంట్లోనే ఉంది. రానంటోంది."

"పాలు పోసుకుంటందే తల్లీ," అన్నాడు. కోపంగా కాదు, బతిమాలాడు. ఒక కంకి తుంచి వేళ్ళ మధ్య నలిపి, తెల్లటి పాలు కారితే నాకు చూపించాడు. "చూడు. పదేను రోజులు. పదేను రోజులు ఆగవే."

నేను గునపం ఎత్తితే పట్టుకున్నాడు. లాగాను. ఆయన పట్టు తప్పి వెనక్కి, తన వరిలోకి, పడిపోయాడు. నేను లేపలేదు. రాళ్ళు ఊడబెరకడం మొదలెట్టాను. నాలుగైదు రాళ్ళు కదిలాక నీళ్ళే మిగతా పని అందుకున్నాయి. మట్టి, నీళ్ళు, వరి దుబ్బులు కలిసి వాగులోకి దూకాయి. నాకు ఊపిరాడింది.

అప్పుడు వాగు ఇవతలి ఒడ్డున వీరబాబు కనిపించాడు. వాన తగ్గలేదు గానీ పెళ్ళాం ఒక్కతే ఉందని బయల్దేరినట్టున్నాడు. తెగిన గట్టు దగ్గర, మోకాలిలోతు నీళ్ళలో, గునపంతో అత్తగారు. వాడికి కనిపించింది అది. గండి పడితే నేను పూడ్చడానికి పాట్లు పడుతున్నాననుకున్నాడు. ఇంకేమనుకుంటాడు? మా ఊళ్ళో గట్టు తెగితే మనిషి అక్కడెందుకుంటాడు?

"అత్తా! వదలకు, నేనొచ్చేత్తన్నా!" అని అరుస్తూ మేకలని వదిలేసి ఎగబాకాడు.

"రావద్దు! నేనే కొట్టాను! రావద్దురా!" అని నా శక్తికొద్దీ అరిచాను. ఆ నీళ్ళ హోరులో నా అరుపు నాకే వినపడలేదు. రావద్దని చేతులూపితే రమ్మంటున్నాననుకున్నాడేమో, ఇంకా తొందరపడ్డాడు.

కింద నుంచి వచ్చి, తువ్వాలు ఉండచుట్టి రాళ్ళ మధ్య కుక్కి, గండికి రొమ్ము అడ్డం పెట్టాడు. కాళ్ళు కింద రాయికి తన్నిపెట్టాడు. మేకలు కాసుకునే కుర్రాడు, ఈ ఏడు దాకా వరి మడి మొహం ఎరగనివాడు, ఎవరు నేర్పారో, సరిగ్గా మా తాత పడుకున్నట్టే పడుకున్నాడు. ఒక్క క్షణం నీళ్ళు ఆగాయి కూడా. తలెత్తి నాకేసి చూశాడు.

"మట్టెయ్యత్తా! ఆగిపోయింది, మట్టెయ్యి!"

చెయ్యి అందిస్తే అందేంత దూరంలో ఉన్నాడు. నేను చెయ్యి చాచాను. వాడు నా చేతిలో మట్టి కోసం చూశాడు. అంతలో ఆ కొస గోడంతా వాడితో పాటు వాగులోకి వెళ్ళిపోయింది.

హస్త, పదో రోజు

ఐదు కర్రలూ పచ్చ.

వాగు చివర బండల మధ్య దొరికాడు. దహనానికి ఎండు కట్టె లేక అందరిళ్ళ నుంచీ తలో చితుకు తెచ్చారు.

పై మడి ఖాళీ అయింది. ఉబ్బిన గోడ ఉబ్బినట్టే ఆగింది. పన్నెండిళ్ళూ నిలబడ్డాయి, చుక్క నీరు తగల్లేదు. నేను కొట్టకపోతే పడేదో పడదో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. మూడో దీపం వెలిగేదో లేదో నాకూ తెలియదు.

అబ్బులుగారితో అంతా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. రెండే వెలిగాయని, నేనే కొట్టానని, వాడు పొరబడ్డాడని. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. తర్వాత, "ఎవరు కొడితేనేం, గండికి అడ్డం పడ్డాడు కదమ్మా. మన లంకల్లో మొగాడు ఎలా పోవాలో అలా పోయేడు. మనం ఆ సంగతి చెప్పుకుందాం," అన్నారు.

నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది.

చిత్త కార్తె

పచ్చ.

ముత్యాలు గుమ్మంలోకి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"రెండేనంటగా ఎలిగింది?"

"రెండే."

"నేనింట్లో ఉన్నాననేనా కొట్టేవు?"

"అవునే."

"ఇంకోళ్ళ కూతురుంటే మూడోది ఎలిగేదాకా ఆగుదువు."

ఆగేదాన్నేమో. రూలు ఉన్నదే అందుకు కదా. నా బిడ్డ బతికి నా గుమ్మంలో నిలబడి ఉందన్న సంతోషం అప్పుడు కూడా నాలో ఉంది. దాన్ని చూసి నాకే సిగ్గేసింది.

"నాకోసం ఇంకేం చెయ్యకమ్మా," అని వెళ్ళిపోయింది.

స్వాతి కార్తె

పచ్చ. వాన వెలిసింది.

నాన్న ఇన్నాళ్ళూ గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాతో మాట్లాడడు, నా చేతి కూడు తినడు. పక్కింటివాళ్ళు పెడితే తింటున్నాడు. మొన్న లేచి, గంప తీసుకుని కిందకి దిగాడు. డెబ్బై దాటిన మనిషి. ఎక్కడానికి పూట పట్టింది. తెచ్చిన మట్టి పై మడిలో, కొట్టుకుపోయిన కొసన పోశాడు.

మర్నాడు పదిమంది వెళ్ళారు. ఆ మర్నాడు ఊరంతా.

పై మడికి ఇప్పుడు వీరబాబు మడి అని పేరు. వచ్చే ఏడు దాని పక్క మెట్టు కూడా వరికే ఇస్తారట. కూలిన కొసన గోడ కొత్తగా కడుతున్నారు, ఈసారి రాళ్ళ మధ్య బంకమట్టి మెత్తి. ముక్కులు పెట్టమని సభలో లేచి చెప్పాను. ఎవరూ కోప్పడలేదు. ఒకాయన మాత్రం చేతులు జోడించి, "ఆడు పేణం పెట్టి మూసిన చోట కన్నం పెట్టమంటావా అమ్మా?" అన్నాడు. నేను కూర్చున్నాను.

వాడు చచ్చిపోకుండా ఉంటే, వచ్చే ఏడు కూడా నేను వాళ్ళతో పోట్లాడగలిగేదాన్ని.

విశాఖ కార్తె

ఐదు కర్రలూ పచ్చ.

ముత్యాలుకి ఊరి పైభాగంలో ఇల్లు ఇస్తామన్నారు అబ్బులుగారు. వద్దంది. ఆ మడి కిందే, ఆ ఇంట్లోనే ఉంటానంది.

ఉదయం నేను మట్టికి దిగేసరికి కొండ అడుగున అది ఒక్కతే ఉంది. గంప నిండుగా నింపుకుంది, మామూలుగా ఆడవాళ్ళు మోసేదానికన్నా ఎక్కువ. వీరబాబు కోసమని అడగకుండానే తెలుస్తోంది. తెల్లారక ముందు నుంచీ తిరుగుతున్నట్టుంది, నుదురంతా మట్టే. నన్ను చూసి ముఖం తిప్పుకుంది. వంగి, గంప తనే ఎత్తుకోబోయింది. మోకాలిదాకా లేపింది, దించేసింది. మళ్ళీ లేపింది. అంత బరువు ఒంటరిగా నెత్తికెత్తుకోవడం ఎవరివల్లా కాదు.

చుట్టూ చూసింది. నేను తప్ప ఎవరూ లేరు. ఎండ రాబోతోంది.

"ఓ చెయ్యెయ్యి," అంది. అప్పటికి నెలయింది అది నాతో మాట్లాడి.

ఆ మట్టి ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. ఏ గోడ వెనక పడుతుందో, ఆ గోడ కింద ఎవరి ఇల్లుందో తెలుసు. నా కూతురు నా ఎదురుగా చేతులు చాచి నిలబడి ఉంది.

ఒక అంచు అది పట్టుకుంది, ఒక అంచు నేను పట్టుకున్నాను. దాని నెత్తికి ఎత్తాను.